తెగని కుట్టు

జీన్ల దుకాణం
ఏప్రిల్ 4

బావగారికి నమస్కారాలు.

గవ్వ నిన్న మధ్యాహ్నం మా పెరట్లో లారీ దిగింది. దిగిందనడం కంటే దించామనడం నిజం. లారీ డ్రైవరు, పక్కనున్న టైర్ల షాపాయన, నేను, ముగ్గురం పట్టుకున్నాం. మీ చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి ముగ్గురికీ సలహాలిచ్చింది. పిల్ల ముందుకాళ్ళు ఒక ఊరికీ వెనకకాళ్ళు ఇంకో ఊరికీ బయల్దేరినట్టు నడుస్తోంది. కింది పెదవి వేలాడుతోంది. మలుపు తిరిగితే నడుం వెళ్ళి గోడకు కొట్టుకుంటోంది. మీ స్వారీ బడిలో గాలిలా తిరిగిన రెండేళ్ళ గుర్రప్పిల్లని ఇలా చూడటం కష్టంగా ఉంది.

తోళ్ళు నిల్వ చేసే రేకుల షెడ్డు ఖాళీ చేశాను. గోడల చుట్టూ గడ్డి కూరిన గోనెసంచులు కట్టాను. నేలమీద ఇసుక, దానిమీద టైర్ల షాపాయన ఇచ్చిన పాత రబ్బరు చాపలు. తూలినా దెబ్బ తగలదు. తల బాగా వంచితే ముందుకు పడబోతోంది కాబట్టి నీళ్ళ బకెట్టు ఛాతీ ఎత్తులో కట్టాను. నలభై ఏళ్ళుగా గుర్రాల వీపులు కొలిచి జీన్లు కుట్టినవాణ్ణి. గుర్రమంటే వీపొక్కటే కాదని ఈ ఒక్కరోజులో తెలిసొచ్చింది.

లారీతో పంపిన చీటీలో 'కృతజ్ఞత' అన్న మాట మూడుసార్లు రాశారు. దయచేసి ఆ మాట వద్దు. బడిలో చప్పుడు దానికి పడదని, మిగతా గుర్రాలకు అంటుకుంటుందేమోనని, డాక్టరు వేరేచోట ఉంచమన్నారని వినగానే మా ఇంటికి పంపమని అడిగింది నేనే. ఫిబ్రవరిలో మీ జీన్లు బాగుచెయ్యడానికి వచ్చి వారం రోజులు మీ ఇంట్లో మర్యాదలు పొందినవాణ్ణి. దాని ముందు ఇదెంత?

ఫోన్లో మనిద్దరం 'ముందు మీరు చెప్పండి' అంటే 'ముందు మీరు చెప్పండి' అనుకోవడంతోనే సరిపోతోందని మా అమ్మాయి నవ్వుతుంది. పైగా మీ ఎడమచెవి సరిగ్గా వినిపించదని మీరే చెప్పారు. కాబట్టి ఉత్తరాలే నయం. పది రోజులకొకసారి రాస్తుంటాను. మీ బడి ఆఫీసులో మా అమ్మాయి లెక్కలు చూడటమే కాక మీకు సాయంగా ఉంటోందనే అనుకుంటాను. అల్లుడుగారిని అడిగానని చెప్పండి.

మీ వియ్యంకుడు


స్వారీ బడి
ఏప్రిల్ 15

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం ఇంటిల్లిపాదీ చదివాం. కోడలు రెండుసార్లు చదివి, "మా నాన్న కట్టిన గోనెసంచులంటే మన పరుపులకన్నా మెత్తగా ఉంటాయి మామయ్యా" అంది.

గవ్వ పరీక్షల ఫలితాలు వచ్చాయి. రక్తం బాగుంది. మెడ ఎక్స్‌రే బాగుంది. వెన్నులోంచి తీసిన నీరు బాగుంది. "అన్నీ బాగున్నాయండీ, గుర్రం తప్ప" అన్నాడు డాక్టరు. నరాలకు సంబంధించిన జబ్బేనట, దానికి పేరు మాత్రం లేదట. కాగితం మీద 'కారణం' అన్నచోట అడ్డంగా ఒక గీత గీశాడు. ఇంతకాలం గుర్రాల మధ్య బతికిన నాకు ఆ గీత చూస్తే తల కొట్టేసినట్టయింది.

ఇంకో సంగతి. పొడుగాయన్ని పనిలోంచి తీసేశాను. మీకు గుర్తుండే ఉంటాడు. గుర్రాలను చూసుకునేవాడు, శాల గుమ్మంలో ప్రతిసారీ నడుం వంచి లోపలికి దూరేవాడు. పద్దెనిమిదేళ్ళు నా దగ్గర పనిచేశాడు. గవ్వ విషయంలో నోరు జారాడు. ఏమన్నాడో రాయడం బాగోదు. అనరాని మాట అన్న మనిషిని ఉంచుకోలేను.

ఊరికే అడుగుతున్నాను, మీరు ఇక్కడున్న వారంలో గవ్వలో తేడా ఏమైనా మీ కంటపడిందా? శాల పక్కనే కూర్చుని పనిచేశారు కదా. ఎంత చిన్నదైనా సరే, గుర్తొస్తే రాయండి. తొందరేమీ లేదు.

చెల్లెమ్మకు నమస్కారాలు.

భవదీయుడు,
మీ బావ


జీన్ల దుకాణం
ఏప్రిల్ 27

బావగారికి నమస్కారాలు.

మీరడిగిన సంగతి బాగా ఆలోచించాను. నా కంటపడిందేమీ లేదు. పనిలో కూర్చుంటే నా చూపు సూదినీ దారాన్నీ దాటదని మీకు తెలియనిది కాదు.

గవ్వ వారం క్రితం రెండుసార్లు పడింది. రెండోసారి లేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అది లేచేదాకా నేను దాని మెడ పక్కనే ఇసుకలో కూర్చున్నాను. ఆ మర్నాడే పని మొదలుపెట్టి దానికి పొట్టకింద పట్టే వెడల్పాటి పట్టీ ఒకటి కుట్టాను. లోపల దూది, పైన కాన్వాసు, అంచులకు మెత్తటి తోలు. షెడ్డు దూలానికి రెండు కప్పీలు బిగించి, తూలినప్పుడు ఆ పట్టీ ఆపేలా వేలాడదీశాను. మొదట బెదిరింది. ఇప్పుడు అందులో బరువు వాల్చి కునుకు తీస్తోంది. ఇక్కడి డాక్టరు చూసి, "మీరు నా వృత్తిలో ఉండాల్సింది" అన్నాడు. ఆ మెప్పు నాకు పడలేదు. పొద్దుటినుంచీ సరిగ్గా అన్నం తినలేదని మీ చెల్లెమ్మ కేకలేసింది.

బావగారూ, పొడుగాయన సంగతి చదివి మనసు మనసులో లేదు. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. నేనున్న వారంలో ఆయన ఒక్క గుర్రాన్ని కసరడం కూడా నేను చూడలేదు. కోపంలో ఏదో అని ఉంటాడు. వీలైతే మళ్ళీ పిలవండి. నా మాట మీద పిలిచానని చెప్పండి. ఇది నేను మిమ్మల్ని కోరుతున్న మొదటి కోరిక అనుకోండి.

మీ వియ్యంకుడు


స్వారీ బడి
మే 12

గౌరవనీయులైన బావగారికి,

మీరు కుట్టిన పట్టీ గురించి చదివి ఇక్కడ అందరం ఆశ్చర్యపోయాం.

పొడుగాయన తరఫున మీరు మాట్లాడటం ఇంకా ఆశ్చర్యంగా ఉంది. మిగతావాళ్ళెవరు మాట్లాడినా అర్థం చేసుకునేవాణ్ణి. మీ కోరిక తీర్చలేకపోతున్నందుకు మన్నించండి. ఆ మనిషిని తిరిగి పిలవాలంటే అతను అన్న మాట నిజమని నేను ఒప్పుకోవాలి. అది నా వల్ల కాదు. మీ మీద గౌరవం కొద్దీ ఒప్పుకోను.

డాక్టరుతో మాట్లాడాను. ఆగస్టు ఆఖరుదాకా చూద్దామన్నాడు. అప్పటికి నాలుగుకాళ్ళ మీద తిన్నగా నడవకపోతే ఇంజక్షనుతో నిద్రపుచ్చడమే దానికి మేలట. సరేనన్నాను. గవ్వ తల్లి కూడా మా శాలలోనే పుట్టింది.

మీకు శ్రమ అవుతోందనిపిస్తే ఒక్క ముక్క రాయండి. లారీ పంపిస్తాను.

భవదీయుడు,
మీ బావ


జీన్ల దుకాణం
మే 30

బావగారికి నమస్కారాలు.

లారీ పంపిస్తానన్నారు. నా వల్ల లోపం జరిగిందనిపిస్తే పంపండి. శ్రమ అని మాత్రం పంపకండి. గవ్వ మే నెలంతా ఒక్కసారే పడింది. రోజూ ఉదయం పెరట్లో నాలుగు వెదుళ్ళు నేలమీద అడ్డంగా పరిచి వాటి మీదుగా నడిపిస్తున్నాను. కాలు ఎంత ఎత్తాలో దానికి మళ్ళీ నేర్పాలి. వెనక ఎడమకాలి గిట్ట నేలను గీరుతూనే ఉంది. ఇసుకలో ఆ గీత ఎంత పొడుగుందో రోజూ చూస్తాను. మొన్న మూరెడు. ఇవాళ జానెడు.

ఒక మాట చాలాకాలంగా చెప్పాలనుకుంటున్నాను. మా పనిలో ఒక మెలిక ఉంది. కుట్టు వదులైతే తప్పని అందరికీ తెలుసు. మరీ గట్టిదైనా తప్పేనని పనివాడికే తెలియాలి. ఎంత మంచి తోలైనా, ప్రాణం మీదికి వచ్చి లాగినప్పుడు ఎక్కడో ఒకచోట తెగాలి. తెగకపోతే కట్టేసిన ప్రాణమే దెబ్బతింటుంది. ఈ మాట మీ ఇంట్లో ఉన్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. కట్టిందీ నేనే, ముడివేసిందీ నేనే కాబట్టి ఇంకొకర్ని అనడానికి లేదు. మీరు పెద్దమనసుతో అర్థం చేసుకుంటారని ఇంతకంటే వివరంగా రాయడం లేదు.

మా అమ్మాయిని చూసుకోండి.

మీ వియ్యంకుడు


స్వారీ బడి
జూన్ 14

బావగారికి,

మీ ఉత్తరం అందిన రోజునుంచీ మా ఇంట్లో ఎవరికీ ప్రశాంతత లేదు.

కట్టేసిన ప్రాణం, ముడివేసింది మీరే, మా ఇంట్లో ఉన్నప్పుడే చెప్పాల్సింది, ఆఖర్న 'మా అమ్మాయిని చూసుకోండి'. నేను చదువు తక్కువవాణ్ణేమో కానీ ఇంత పచ్చిగా రాసినా అర్థం కానంత అమాయకుణ్ణి కాదు. కోడల్ని పిలిచి, "నీకు ఇక్కడ ఏం తక్కువైందమ్మా? మీ నాన్నతో ఏం చెప్పుకున్నావు?" అని అడిగేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది. "నేనేం చెప్పలేదు మామయ్యా" అంటూ ఏడ్చింది. మావాడు నామీద ఎగిరాడు. మీ చెల్లెలు, అదే, మా ఆవిడ, రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఈ ఇంట్లో మీ అమ్మాయి సొంతంగా రెండు గుర్రాలమీద స్వారీ నేర్చుకుంది. ఆఫీసు తాళాలు దాని దగ్గరే ఉంటాయి. బిగింపు ఎక్కడ కనిపించింది మీకు?

మీకు నామీద కష్టం ఉంటే తిన్నగా రాయండి. తోలు మీదా కుట్టు మీదా పెట్టి రాయకండి.

మీ బావ


జీన్ల దుకాణం
జూన్ 20

బావగారూ,

మర్యాదలు తర్వాత. మా అమ్మాయిని ఏమీ అనకండి. అది నాతో ఏమీ చెప్పలేదు. ఆ ఉత్తరంలో కట్టేసిన ప్రాణం గవ్వ.

ఫిబ్రవరిలో మీ ఇంటికి వచ్చేటప్పుడు గవ్వకోసం తలకు వేసే తోలుపట్టె ఒకటి కుట్టి తెచ్చాను. మీ అందరికీ చూపించి మెప్పు పొందాలని సంచిలో దాచుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. పట్టె సరిపోతుందో లేదో ముందు ఒక్కణ్ణే చూసుకుందామనిపించింది. గవ్వను శాలలోంచి తెచ్చి, గుర్రాలను కడిగే సిమెంటు గచ్చు దగ్గర, గోడకున్న ఇనుపకొక్కేనికి తాడుతో కట్టాను. లాగితే ఊడే ముడి వెయ్యాలని మీ శాలలో పసిపిల్లలకు కూడా నేర్పుతారు. నేను మూట కట్టినట్టు కట్టాను. పట్టె ఎలా ఉందా అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటున్నాను. చక్కగా ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా మంటగా ఉంటుంది.

ఎక్కడో రేకు పడిన చప్పుడైంది. గవ్వ ఒక్కసారిగా వెనక్కి లాగింది. మామూలుగా అలాంటప్పుడు పట్టెలో ఏదో ఒక కుట్టు తెగుతుంది, గుర్రం బయటపడుతుంది, కాసేపు పరుగెత్తి ఆగుతుంది. నా కుట్టు తెగలేదు. అది ఇంకా లాగింది. కళ్ళు తెల్లగా తిరిగాయి. తడిగచ్చు మీద వెనకకాళ్ళు జారుతున్నాయి. నేను 'ఓ ఓ' అంటూ చేతులు ఊపుతున్నాను తప్ప దగ్గరికి వెళ్ళలేకపోయాను. చివరికి గోడలోంచి కొక్కెమే ఊడొచ్చింది. పిల్ల వెల్లకిలా వెళ్ళి చెవుల వెనక మాడు సిమెంటుకు కొట్టుకుంది. ఆ చప్పుడు నేను ఎలా రాయాలి? 

ముప్ఫై లెక్కపెట్టేంతసేపు కదల్లేదు. తర్వాత లేచింది. విదిలించుకుంది. తుమ్మింది. ఒక ముక్కులోంచి చుక్క రక్తం వస్తే నా జేబురుమాలుతో తుడిచాను. గడ్డి పెడితే తింది. తింటోంది కదా, ఏమీ కాలేదని నాకు నేను చెప్పుకున్నాను. పట్టె విప్పి సంచిలో పెట్టుకున్నాను. కొక్కేన్ని మళ్ళీ కన్నంలో దూర్చి, కదలకుండా పక్కన చెక్కముక్క కొట్టాను. చేతులు కడుక్కుని వచ్చి మీ పక్కన భోజనానికి కూర్చున్నాను. గుర్తుందా? మీరు అందరిముందూ, "మా బావగారి కుట్టు ఏనుగు లాగినా తెగదు" అన్నారు. మా అమ్మాయి నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నా నోరు మూతపడిపోయింది.

పన్నెండు రోజుల తర్వాత గవ్వ తూలుతోందని కబురొచ్చింది.

పిల్లనిచ్చిన చోట ముఖం చెల్లదని భయపడ్డాను. అంతకు మించి కారణం లేదు. మీరు ఏప్రిల్లో తిన్నగా అడిగారు. నేను కళ్ళముందు కాగితం పెట్టుకుని అబద్ధం రాశాను. పొడుగాయన్ని మీరెందుకు తీసేశారో నాకు తెలియదు కానీ, దాణాలోనో మందులోనో ఆయన తప్పు చేశాడని మీరు అనుకుంటుంటే అది నేను మోయాల్సిన తప్పు. ఆయన పద్దెనిమిదేళ్ళ పని నా పిరికితనం కింద నలిగింది.

పట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒక్క కుట్టు కూడా కదల్లేదు.

మీరేమన్నా పడతాను. గవ్వను మాత్రం ఆగస్టుదాకా ఇక్కడే ఉండనివ్వండి.

మీ వియ్యంకుడు


జీన్ల దుకాణం
జూలై 8

బావగారికి,

నా ఉత్తరం అందిందా? అందకపోతే మళ్ళీ రాసే ధైర్యం నాకు లేదు. మా అమ్మాయి ఆదివారం ఫోను చెయ్యలేదు. వాళ్ళమ్మ చేస్తే పని ఉందంది.

ఇవాళ పొద్దున గవ్వ తనంతట తాను పడుకుని తనంతట తాను లేచింది. చెప్పుకోవడానికి మీరు తప్ప ఎవరూ లేరు.

మీ వియ్యంకుడు


స్వారీ బడి
జూలై 30

బావా,

ఉత్తరం జూన్ ఇరవై ఆరునే అందింది. ఆలస్యం పోస్టువాడిది కాదు.

చదివి మీ అమ్మాయి చేతికిచ్చాను. దాచడం ఇక నా వల్ల కాలేదు. నిలబడే చదివింది. మడతపెట్టి తిరిగి ఇచ్చింది. మీ గురించి అడుగుతుందనుకున్నాను. "మామయ్యా, మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

చెప్పేశాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నాకు మార్చిలోనే తెలుసు. గవ్వ తూలడం మొదలైన మూడోరోజు పొడుగాయన నా గదికి వచ్చి చెప్పాడు. గడ్డి గదిలోంచి చూశాడట. "కొక్కెం ఊడింది సార్. పిల్ల వెల్లకిలా పడింది. అయ్యగారు మీతో చెప్పే ఉంటారనుకున్నా" అన్నాడు. మా వియ్యంకుణ్ణి అంటావా అని లేచాను. "వెళ్ళి కొక్కెం చూడండి" అన్నాడు. వెళ్ళాను. పట్టుకోగానే చెక్కముక్కతో సహా నా చేతిలోకి వచ్చేసింది. ఆ సాయంత్రమే మేస్త్రీని పిలిచి సిమెంటు వేయించాను. మర్నాడు పొడుగాయన్ని తీసేశాను. ఆ క్రమంలోనే చేశాను, బావా. ముందు సిమెంటు, తర్వాత మనిషి.

మిమ్మల్ని అడిగితే రెండు కుటుంబాల మధ్య గొడవవుతుందని భయపడ్డాను. అతన్ని అబద్ధాలకోరుని చేస్తే ఏ గొడవా లేదు. మీరు గవ్వను పంపమని అడిగినప్పుడు ఎందుకో నాకు అర్థమైంది. దాన్ని రోజూ చూస్తుంటే మీరే చెబుతారులే అని పంపాను. తిన్నగా అడగకుండా 'ఊరికే అడుగుతున్నాను' అని రాశాను. మీరు కుట్టు గురించి రాసినప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, రెండోసారి చదివేటప్పటికి సంగతి తెలిసిపోయింది. కానీ అప్పటికే కోపం తెచ్చేసుకున్నాను. కోపంగా ఉంటే చాలా సుఖంగా ఉంది. ఆ సుఖం కోసం మీ అమ్మాయిని ఏడిపించాను.

పొడుగాయన కోసం వెతికాను. సరుకుల గోడౌన్లో బస్తాలు లెక్కపెడుతున్నాడు. నన్ను చూసి చేతిలో పుస్తకం మూయలేదు. క్షమించమన్నాను. "మా బావగారే ఒప్పుకున్నారు, నువ్వు చెప్పింది నిజమే" అన్నాను.

"నిజమని నాకు ముందే తెలుసు సార్" అన్నాడు. "ఆయన్ని పట్టివ్వాలని నేను చెప్పలేదు. తలకి దెబ్బ తగిలిందని డాక్టరుకి తెలియాలని చెప్పా. మీరు డాక్టరుకి చెప్పారా?"

చెప్పలేదు, బావా. నాలుగు నెలలు మెడ, వెన్ను, రక్తం, దాణా, అన్నీ వెతికించాను. తల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే 'ఎలా తగిలింది' అంటాడు కదా. మీరు అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరం ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటూ ఆ పిల్లను వదిలేశాం.

ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. పెన్ను కింద పెట్టేశాడు. మొదటివారంలో తెలిసి ఉంటే తలలో వాపు తగ్గడానికి మందు ఇచ్చేవాణ్ణి అన్నాడు. "దానివల్ల బాగయ్యేదా?" అంటే చెప్పలేనన్నాడు. "అసలు ఆ దెబ్బవల్లేనా ఇదంతా?" అంటే అదీ చెప్పలేనన్నాడు. దెబ్బకీ తూలడానికీ మధ్య అన్ని రోజులు ఉండటం అతనికి అంతుపట్టలేదు. అక్కడి డాక్టరు వచ్చి తల ఎక్స్‌రే తీస్తాడు. ఇన్నాళ్ళ తర్వాత ఏమీ తేలకపోవచ్చునట. మీ వల్లా కావచ్చు. నా వల్లా కావచ్చు. ఎవరి వల్లా కాకపోవచ్చు. ఆ మూడోది నాకు ఊరటనిస్తుందనుకున్నాను, ఇవ్వలేదు.

పొడుగాయన పనిలోకి రానన్నాడు. "గోడౌన్లో గుమ్మం ఎత్తుగా ఉంది సార్, నడుం హాయిగా ఉంది" అన్నాడు. కోరింది ఒకటే. తాను అబద్ధం చెప్పలేదని బడిలో అందరిముందూ నేను చెప్పాలి. శనివారం పనివాళ్ళనీ, ఇంట్లోవాళ్ళనీ, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళనీ నిలబెట్టి చెప్పాను. మీ పేరూ చెప్పాను, నా పేరూ చెప్పాను. మీ అమ్మాయి మొదటి వరసలోనే నిలబడింది.

అది నాతో పనిమాటలు మాట్లాడుతోంది. మీకు ఫోను చెయ్యమని నేను చెప్పను. ఆ అర్హత నాకు లేదు.

బావ


జీన్ల దుకాణం
అక్టోబరు 9

బావా,

ఆగస్టు ముప్ఫైన డాక్టరు వచ్చి గవ్వను బతకనిచ్చాడని ఫోన్లో చెప్పాను. మీ కుడిచెవికే చెప్పాననుకుంటాను. తల ఎక్స్‌రేలో ఒక మసక గీత ఉంది, అది ఎముక అతుకో నీడో తెలియదన్నాడు. కాగితంలో కారణం దగ్గర మీ డాక్టరు పెట్టిన గీతే ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు.

గవ్వ ఇప్పుడు తిన్నగా నడుస్తోంది. పొట్టకింద పట్టీ విప్పేశాం. ఎడమగిట్ట అలసినప్పుడు మాత్రమే గీరుతుంది. కానీ దాని మీద ఎవరూ ఎక్కకూడదు, ఎప్పటికీ. ఏ రోజు ఏ కాలు తడబడుతుందో ఎవరూ పూచీ పడలేరు. జీన్లు కుట్టేవాడి ఇంట్లో జీను వెయ్యకూడని గుర్రం ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే ఇక్కడే ఉంచుతాను.

పొడుగాయన సెప్టెంబరులో వచ్చాడు. ఉత్తరం రాసి నేనే రమ్మన్నాను. వస్తాడనుకోలేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి ఆయన గొంతు సవరించుకోగానే గవ్వ చెవులు రెండూ అటు తిరిగాయి. నేను క్షమించమని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డంపెట్టి, "పడ్డాక మెడ ఎటువైపు తిప్పిందండీ ముందు?" అన్నాడు. ఎడమవైపు అన్నాను. "రక్తం ఏ ముక్కులోంచి?" కుడి. "లేచాక నీళ్ళు తాగిందా?" లేదు. ఇన్ని నెలల్లో నన్ను ఇవన్నీ అడిగినవాడు ఆయనొక్కడే. అడిగినవన్నీ కాగితం మీద రాయించి, డాక్టరుకివ్వమని నా జేబులో పెట్టాడు. ఇప్పుడు నెలకోసారి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా కుర్చీ వేస్తాను. కూర్చోడు. నిలబడే గవ్వను చూసి, నిలబడే మాట్లాడి వెళ్ళిపోతాడు. మీ చెల్లెమ్మ అంటుంది, "కూర్చోమని బతిమాలకండి, ఆయనకి కూర్చోవాలనిపించినప్పుడు కూర్చుంటాడు" అని.

అమ్మాయి మొన్న శనివారం వచ్చింది. మీకు చెప్పే వచ్చిందట. బస్సు దిగి వాళ్ళమ్మతో మాట్లాడింది. నన్ను దాటుకుని నేరుగా షెడ్డులోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేను దుకాణంలో ఒకే బెల్టుకు ఒకే కన్నం రెండుసార్లు పొడిచాను.

బయటికి వచ్చేసరికి గవ్వ తాడు దాని చేతిలో ఉంది. "డాక్టరు తోక పరీక్ష చెయ్యమన్నాడట కదా. రా" అంది.

ఆ పరీక్ష మీకు తెలిసే ఉంటుంది. ఒకరు గుర్రాన్ని ముందుకు నడిపిస్తుంటే ఇంకొకరు పక్కన నడుస్తూ తోక పట్టి పక్కకు లాగాలి. ఒంట్లో బాగుంటే గుర్రం ఎదురుబిగుస్తుంది. లేకపోతే లాగినవైపు తూలిపోతుంది. ఇన్నాళ్ళూ డాక్టరూ మీ చెల్లెమ్మా చేశారు. నేను ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఆ పిల్లను లాగడానికి నాకు చేతులు రావు.

"అమ్మని పిలుస్తాను" అన్నాను.

"అమ్మ వద్దు. నువ్వే."

వెనక్కి చూడకుండా నడవడం మొదలుపెట్టింది. నేను తోక పట్టుకున్నాను.

"లాగావా?"

"లాగాను."

"లాగలేదు నాన్నా. తాడు నా చేతిలో ఉంది, నాకు తెలుస్తుంది. లాగు."

లాగాను. గవ్వ నడుం నావైపు ఒక అడుగు వాలింది. వదిలెయ్యబోయాను. అంతలో అది ఎడమగిట్ట గట్టిగా నేలకు ఆనించి, ఒళ్ళు బిగించి, నన్నే అటువైపు ఈడ్చింది. నేను రెండడుగులు దాని వెంట తూలాను.

అమ్మాయి ఆగలేదు. తిరిగి చూడలేదు.

"ఇటువైపు అయింది. ఇప్పుడు అటువైపు రా" అంది.

వెళ్ళాను.

బావ